రిస్క్ లెక్క రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర మొదలవ్వాలి

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయిన సంగతి తెలిసిందే. దాదాపు రెండు వారాలు పనులన్నీ కాగితాల మీదే నడిచాయి. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు హ్యాకర్లు తాళం వేశారని, నెట్‌వర్క్‌ను సరిగ్గా విడగొట్టకపోవడమే కారణమని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. అంటే ఒక గదిలో దొంగ పడితే ఇల్లంతా తిరిగేలా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయన్న మాట.

సెక్యూరిటీ అనగానే మన సంస్థలకు ముందు గుర్తొచ్చేది కొనుగోలు. బయటి నుంచి వచ్చే దాడుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్ కొంటారు, ఆడిటర్ ఇచ్చిన ఎక్సెల్ షీట్‌లో టిక్కులు పెడతారు. ఇది తలకిందుల పని. రిస్క్ అంచనా తెల్లకాగితం మీద మొదలవ్వాలి. మన దగ్గర ఏముంది? ఎక్కడుంది? ఎవరి చేతుల్లో ఉంది? గంటసేపు ఆగిపోతే ఎవరి ప్రాణం మీదకి వస్తుంది? ఐటీ హెడ్ కంటే ముందు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని, ల్యాబ్ టెక్నీషియన్‌ను, నైట్ డ్యూటీ సిస్టర్‌ను అడగాలి. బిల్లింగ్ ఆగితే రోగి కాసేపు బెంచీ మీద కూర్చుంటాడు. బ్లడ్ బ్యాంక్ రికార్డు తెరుచుకోకపోతే ఆపరేషనే ఆగిపోవచ్చు. రెండింటినీ ఒకే గాటన కట్టే ఆడిట్ ఎందుకు?

చిన్న ఆసుపత్రికి అంత తీరిక ఎక్కడిది, ఇది నిపుణుల పని అంటారు. లోపాలు పట్టడానికి నిపుణులు కావాల్సిందే. కానీ ఏది పోతే మనం మునిగిపోతామో బయటివాళ్లు చెప్పలేరు.

మొన్న నాన్నను చూపించడానికి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. టోకెన్ నంబరు రాసిచ్చిన చీటీ తిప్పితే వెనక ఎవరిదో ఆధార్ జిరాక్స్, సగం ముక్క. ఫొటో, పుట్టిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. మానిటర్ అంచుకు పసుపు చీటీ, దాని మీద పాస్‌వర్డ్. ఆ పక్కనే సర్వర్ రూమ్ తలుపుకు మాత్రం వేలిముద్ర తాళం!

అసలు జ్వరంతో వచ్చిన మనిషి ఆధార్ జిరాక్స్ ఎందుకు? ఆరోగ్యశ్రీకో ఇన్సూరెన్స్‌కో అయితే సరే. చేతి డబ్బులతో చూపించుకునేవాళ్ల దగ్గర కూడా తీసుకోవడం మనకు పట్టిన జబ్బు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ నుంచి జనం వివరాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికొచ్చాయి. సాయం కోసం నమ్మి ఇచ్చిన నంబర్లవి. అవసరమైనంతే తీసుకోమని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది, కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అంటోంది. అందుకే రిస్క్ జాబితాలో మొదటి గడి ‘ఇది మనకెందుకు?’ అన్నదే కావాలి. జవాబు లేని ఫైలును అక్కడికక్కడే తీసేయాలి.

ఆ టోకెన్ చీటీని అక్కడి చెత్తబుట్టలో వేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చి ముక్కలుగా చించేశాను.