సూరత్‌లో కూలి పోతే బరంపురంలో ఎవరిస్తారు?

సాంచా మిషన్లు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, కొనుక్కోడానికి సూరత్ సేట్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చింది, 1999లో టఫ్స్ అనే పథకంగా మొదలెట్టి పేరు మార్చి మార్చి 2022 దాకా నడిపింది. ఆ మిషను వచ్చాక పని పోయినోడికి ఏమిచ్చారు అంటే ఏమీ లేదు. అలా కూలి పోయినోళ్ళకి సర్కారే నెలనెలా డబ్బులు వెయ్యాలని ఒక మాట వినిపిస్తోంది, మేం ఈ రోజు రాస్తున్నది దీని గురించే.

బరంపురం స్టేషన్లో అహ్మదాబాద్ బండి టైముకి వెళ్ళి నించుంటే ఒడిశాలోని మా గంజాం జిల్లా ఎలా బతుకుతోందో తెలిసిపోద్ది. బియ్యం మూట, బట్టల సంచి, చార్జరు, అంతే సామాను. ఒడియావాళ్ళు, మన తెలుగోళ్ళు కలిసే సూరత్ మగ్గాల పనికి వెళ్తారు, 12 గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. పాత నాడె (షటిల్) మగ్గాలు ఒక్క మనిషి పది పన్నెండు చూసుకునేవాడు, ఇప్పుడు నాడె లేని కొత్త మగ్గాలు, రేపియర్లు, వాటర్‌జెట్లు వస్తున్నాయి, దారం తెగితే మిషను దానంతటదే ఆగి లైటు వేస్తుంది, మరి లైటు చూడ్డానికి అంతమంది ఎందుకని సేటు అడిగితే చెప్పడానికేముంది. కూలి ఒక్కసారిగా ఆగితే ఊళ్ళు ఏమవుతాయో 2020 మేలో శ్రామిక్ రైళ్ళు దిగినప్పుడు చూశాం కదా, అప్పుడంటే కరోనా, మళ్ళీ మగ్గాలు తిరిగాయి, వెళ్ళారు. ఈసారి మగ్గాలు తిరుగుతూనే ఉంటాయి, పిలుపే రాదు.

పోయిన కూలి బదులు సర్కారే నెలనెలా డబ్బులు వెయ్యాలి అనే మాటకి మేం ఒప్పుకుంటాం. ఊరికే ఇస్తే జనం సోమరిపోతులైపోతారు అనేవాళ్ళకి ఒక్క ముక్క, 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో సేవా (SEWA) అనే మహిళా కార్మిక సంఘం, యూనిసెఫ్ కలిసి పెద్దోళ్ళకి నెలకి 200, తర్వాత 300 ఇచ్చి చూశారు, జనం పని మానలేదు సరికదా కూలికి పోవడం తగ్గించి సొంత పొలం చేసుకున్నారు. ఫిన్లాండ్‌లో 2017, 18లో 2000 మంది నిరుద్యోగులకి నెలకి 560 యూరోలు ఇచ్చినా ఎవరూ మంచం దిగకుండా పడుకోలేదు.

ఒడిశా సర్కారు ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం ఉంది కదా అంటారు. మంచిదే, ఆడవాళ్ళ ఖాతాలోకే పడుతోంది, తియ్యమని మేం అనం. కానీ ఏడాదికి 10000, అంటే నెలకి 833 రూపాయలు, అదీ రాఖీ పున్నమికి ఒక 5000, మహిళా దినోత్సవానికి ఒక 5000 అన్న లెక్క. కిరాణా కొట్టు బాకీ పండగ దాకా ఆగుతుందా?

అసలు చిక్కు బోర్డర్లో ఉంది. పని గుజరాత్‌లో, ఇల్లు ఒడిశాలో, చుట్టాలంతా బోర్డరు అవతల ఆంధ్రాలో, ఇచ్ఛాపురం, సోంపేటల్లో. ఇచ్ఛాపురం నుంచి బరంపురం కోడలిగా వచ్చిన అమ్మాయి ఆధార్‌లో అడ్రసు మార్చుకోడానికే ఎన్నిసార్లు తిరగాలో మా పాఠకులకి చెప్పక్కర్లేదు, ఇక్కడ ఫారం నింపితే అక్కడ పేరుందంటారు, అక్కడికెళ్తే నువ్వు ఒడిశా కదమ్మా అంటారు. రాష్ట్రం ఇచ్చే పథకం ఏదైనా చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతుంది. పైగా మిషను పెట్టి మిగుల్చుకున్న లాభం మీద ఆదాయపు పన్ను భువనేశ్వర్‌కి కట్టరు, ఢిల్లీకి కడతారు, అందులోంచి రాష్ట్రానికి వాటా వస్తుందనుకోండి, అది వేరే. అందుకే ఈ డబ్బు కేంద్రమే ఇవ్వాలి, అడ్రసుకి కాదు మనిషికి ఇవ్వాలి. రేషన్ కార్డుకి ఒకే దేశం ఒకే కార్డు అని 2022కల్లా అన్ని రాష్ట్రాల్నీ కలిపేశారు, బియ్యం మనిషి వెనకాల వెళ్ళగలిగితే డబ్బులు వెళ్ళలేవా?

2016-17 కేంద్ర ఎకనమిక్ సర్వేలోనే ఇలా నేరుగా డబ్బులు ఇవ్వాలంటే ఏడాదికి మనిషికి 7620 రూపాయలు అని లెక్క కట్టారు, తర్వాత ఆ ఊసే లేదు. ఎప్పుడో ఒకప్పుడు కేంద్రం ముందు కొద్ది చోట్ల ప్రయోగంగా (పైలట్) పెడతానంటే ఎక్కడో ఒక జిల్లాలో పెట్టొద్దు, గంజాం, శ్రీకాకుళం రెండూ కలిపి పెట్టండి, సూరత్‌లో ఉన్నవాళ్ళ పేర్లు సూరత్‌లోనే రాసుకోండి, లిస్టు ఒడియాలో, తెలుగులో రెంటిలోనూ అతికించండి.