సగం బకెట్ లావెండర్

పర్లాకిమిడి దాటి గుణుపురం వైపు పోయే రోడ్డు మీద మావాళ్లకి ఊరి పేర్ల కన్నా కిలోమీటరు రాళ్ల టోపీలు బాగా గుర్తుంటాయి. పసుపు టోపీ అయితే నేషనల్ హైవే, ఆకుపచ్చదైతే స్టేట్ హైవే, నారింజ రంగుదైతే ప్రధానమంత్రి సడక్ యోజనలో వేసిన పల్లెటూరి రోడ్డు, దేశమంతా ఇదే లెక్క. మాకు దీంతో ఇంకో సుఖం కూడా ఉంది, 1936లో ఒడిశాలో కలిశాం కాబట్టి ఇక్కడ బోర్డులన్నీ ఒరియాలో ఉంటాయి, పాతపట్నం అవతల నుంచి వచ్చే చుట్టాలు ఆ గుండ్రటి అక్షరాల కింద నిలబడి కూడా మాకు ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్పమంటారు, అదే రంగయితే ఎవరికైనా తెలిసిపోతుంది కదా.

అందుకే మా మామయ్య కూతురి పెళ్లికి మగపెళ్లివారికి దారి చెప్పేటప్పుడు ఊరి పేరే ఎత్తలేదు. "వరసగా ఆకుపచ్చ టోపీలొస్తాయండి బావగారూ, అవేటీ పట్టించుకోకండి, మొట్టమొదట నారింజ టోపీ రాయి ఏ కాడ కనబడితే ఆ కాడ ఎడమకి తిరిగిపోండి, తిన్నగా మా పందిట్లోకే వచ్చెత్తారు" అన్నాడు. మా బావ లొకేషన్ పంపుతానన్నాడు గానీ పెళ్లికొడుకు పెదనాన్నగారు ఒప్పుకోలేదు, సెల్లు చూపించిన దారిన పోయి ఒకసారి చెరువు గట్టు మీద తేలారంట, అప్పట్నుంచి మనిషి మాట తప్ప వినరు. మామయ్య మాట విన్నారు మరి.

ఇప్పుడు రంగు సంగతి. పెళ్లికని ఇంటికి లావెండర్ వేయించారు, పెళ్లికూతురు కేటలాగులో చూసి ముచ్చటపడింది, ఇంటి ముందు నిలబడితే ఇల్లు కాదు ఐస్‌క్రీం బండిలా ఉంది గానీ పెళ్లింట్లో ఆ మాట ఎవడంటాడు. పెయింటర్ కుర్రాడు పని ముగించుకుని వెళ్లిపోయాక సగం బకెట్ మిగిలింది. మా మామయ్యకి ఒక జబ్బుంది, ఏదీ మిగలకూడదు. మిగిలిన అన్నం పులిహోర అవుతుంది, మిగిలిన సిమెంటు తులసికోట అవుతుంది. పెళ్లి ముందురోజు సాయంత్రం గేటుకి వేశాడు, ఇంకా ఉంది. పశువుల శాల గుంజలకి వేశాడు, ఇంకా ఉంది. బ్రష్ పట్టుకుని అలా నడుచుకుంటూ ఊరి మొగదలకి పోయాడు, అక్కడ రాయి మాసిపోయి కనబడింది, మగపెళ్లివారు చూస్తే మన ఊరి గురించి ఏమనుకుంటారు అని టోపీ నుంచి కిందదాకా రెండు కోటింగులు లాగించి, చెయ్యి ఊరుకోక పక్కనున్న స్పీడ్ బ్రేకర్ బోర్డు ఎర్ర త్రికోణం అంచుకి కూడా వేసేసి, హాయిగా వచ్చి పడుకున్నాడు.

మర్నాడు బస్సు డ్రైవరు ఆకుపచ్చ టోపీలన్నీ వదిలేసుకుంటూ వచ్చాడు, లావెండర్ రాయి కనబడితే ఏదో రంగుల కంపెనీ అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని అదీ వదిలేశాడు, ముందుకెళ్తే నిక్షేపంలాంటి నారింజ టోపీ కనబడింది, ఎడమకి తిప్పాడు, తిన్నగా పందిట్లోకే వెళ్లారు. అది దినం పందిరి.

వాళ్ల తప్పేమీ లేదండి, ఈ చుట్టుపక్కల పెళ్లికీ దినానికీ ఒకటే టెంట్ హౌసు, అవే షామియానాలు, అవే ఎర్ర కుర్చీలు. ముందర పెద్దాయన ఫోటోకి దండ వేసుంటే పెళ్లికూతురి తాతగారు కాబోలు, ఎంత భక్తి అని పెదనాన్నగారు దణ్ణం పెట్టుకున్నారు. అది చూసి ఒక ముసలావిడ పెళ్లికొడుకుని పట్టుకుని ఘొల్లుమంది, వీళ్లు ఆనందబాష్పాలనుకున్నారు, వాళ్లేమో ఆంధ్రా వైపు నుంచి ఆలస్యంగా కబురందిన చుట్టాలొచ్చారనుకుని ఆకులేసి గారెలు వడ్డించేశారు. అంతా బాగానే తిన్నారట. చివర్లో పెద్దమ్మగారు చుట్టూ చూసి, "మనిషి ఎక్కడా కనబడదేటండీ" అని వడ్డించే ఆయన్ని అడిగింది. "ఇంకెక్కడి మనిషి తల్లీ, పోయి పదకొండు రోజులయిపోనాది" అన్నాడాయన.

పెద్దమ్మగారు ఉన్నపళంగా కుర్చీలో కూలబడ్డారు. పెదనాన్నగారు మామయ్యకి ఫోన్ చేసి, "పిల్ల పోయి పదకొండు రోజులయితే మాకు మాటయినా చెప్పరా" అని కేకలు. మామయ్య ఫోన్ పడేసి లోపలికి పరిగెత్తి, చేతులకి గోరింటాకుతో కూర్చున్న పిల్లని భుజం పట్టుకుని ఊపి చూసి, మళ్లీ బయటికొచ్చి, "ఉందండీ, ఉందండీ, ఇప్పుడే సూసొచ్చినాను" అన్నాడు. ఈలోగా బస్సు వెనక నుంచి దిగిన బ్యాండువాళ్లు, ఇంతసేపూ ఊరికే కూర్చున్నందుకు మొహమాటపడి కాబోలు, పందిట్లో దుమ్ము లేపారు. నన్ను బైకిచ్చి పంపితే, నేను వెళ్లేసరికి రెండు పక్షాలవాళ్లూ ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటున్నారు, ఆ ముసలావిడ మాత్రం పెళ్లికొడుకుని వదలట్లేదు.

సాయంత్రం విడిదింట్లో పంచాయితీ. బావ కొన్నాళ్లు అమెరికాలో ఉండొచ్చాడు, తండ్రిని కాపాడుకోవాలని తెలిసిందంతా బయటికి తీశాడు. అక్కడ ఊదా రంగు బోర్డు అంటే ట్యాగ్ ఉన్న బళ్లకి టోల్ లైనని, రోడ్డు మీద యాక్సిడెంట్లయినప్పుడు పెట్టే బోర్డులు మెరిసిపోయే గులాబీ రంగులో ఉంటాయని, హవాయిలో ప్రైవేటు స్థలాల్లో నీలం స్టాప్ బోర్డులు కనబడతాయని, స్వీడన్‌లో ఫిన్లాండ్‌లో హెచ్చరిక బోర్డు లోపలంతా పసుపేనని, అసలు అమెరికాలో స్టాప్ బోర్డు కూడా 1954 దాకా పసుపు రంగులోనే ఉండేదని, ఎండకీ వానకీ వెలిసిపోని ఎర్ర రంగు అప్పట్లో దొరక్కే అలా వేసుకున్నారని.

"అయితే మీ నాన్న టోల్ గేటు పెట్టినాడంటావా బాబూ, మరి మమ్మల్ని డబ్బులడగనేదేం?" అన్నారు పెదనాన్నగారు.

మామయ్యకి ఇందులో ఒక్క ముక్కే ఎక్కింది. "సూసినారా, అమెరికావోళ్లు కూడా ఇంట్లో ఏ రంగుంటే అదే ఏసుకున్నారు."

సరిగ్గా అప్పుడు పెద్దమ్మగారు తన సంచీ కోసం వెతుక్కుని, కుర్చీలో కూలబడినప్పుడు అక్కడే వదిలేశానని గుర్తు తెచ్చుకుని మళ్లీ కూలబడ్డారు. తాళిబొట్లు అందులోనే ఉన్నాయి. ముహూర్తం ఇంకా దూరమే గానీ విడిదింట్లో ఊపిరాడలేదు, నేను మళ్లీ బైకు తాళం అందుకున్నాను, ఇంతలో ఆ దినం ఊరి కుర్రాళ్లిద్దరు సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశారు. దారిలో ఎవర్నీ అడగలేదట. ఎలా పోల్చుకున్నారయ్యా అంటే, "ఊదా రాయి కాడ తిరిగినామండి, ఈ రోడ్డు మొత్తం మీద అలాటిది ఒక్కటే కదా" అన్నారు.

మామయ్య పెదనాన్నగారి వైపు ఒక్క చూపు చూసి, కుర్రాళ్లిద్దర్నీ చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకుపోయి, మగపెళ్లివారికన్నా ముందు వాళ్లకి ఆకులేయించాడు.