అరచేతి మోటారు గారికి ఆరొందల ఫీట్ల దండాలు

మహారాజశ్రీ బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్లను తోడి బయట పోసే చిన్న మోటారు) గారికి,

నల్లగొండ జిల్లా దేవరకొండలో మోటారు వైండింగ్ పని చేసుకుని బతికేవాడు రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా బోటు అడుగున, పెట్రోలు వాసన కొట్టే మురికి నీళ్లలో, చేప పొలుసుల మధ్య క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

ముందు మా దిక్కు సంగతి కొంచెం చెప్పాలి. మా దగ్గర నీళ్లు కిందికి పోతాయి, వాటి వెంట మేమూ పోతాం. ఆరొందల ఫీట్లు బోరు వేస్తాం. దుమ్ము లేస్తే ఇంకో అప్పు రాసిచ్చి పక్క చెలకలో మళ్లీ వేస్తాం. రెండించుల నీళ్లు పడ్డాయంటే కొబ్బరికాయ కొట్టి, యాటను కోసి, చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాం. అట్లాంటి జిల్లాకు తమరు వేంచేశారు, నీళ్లను తోడి బయట పారబోయడమే వృత్తిగా పెట్టుకుని. తమరిని చేతిలో పెట్టి సంగతి చెబితే మా అమ్మ అడిగింది: "నీళ్లు పారబోయనీకి మోటరెందుకు బిడ్డా, నల్లా వచ్చినప్పుడల్లా ఊరంతా గా పనే చేస్తుంది గదా?"

మా బావకు సాగర్ వెనుక జలాల్లో, వైజాగ్ కాలనీ దగ్గర, పన్నెండడుగుల ఫైబర్ బోటు ఉంది. వెనక చిన్న పెట్రోలు ఇంజను. వలలు చూసుకోవడానికీ, చుట్టాలొస్తే ఒక తిప్పు తిప్పడానికీ. ఆ బోటు కడుపులో ఎప్పుడూ ఇన్ని నీళ్లుంటాయి. వాన నీళ్లు, అల కొట్టిన నీళ్లు, వల పిండిన నీళ్లు, బోల్టుల సందుల్లోంచి ఊరిన నీళ్లు. ఇంతకాలం ఆ నీళ్లను తోడింది ఒక పాత పెయింటు డబ్బా. దాని స్థానంలోకి తమరు ప్రమోషన్ మీద వచ్చారు.

తమరి పెట్టె మీద 1100 అని పెద్ద అంకె ఉంది. గంటకు అన్ని గ్యాలన్లట. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, అంటే గంటకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు. "బావా, గంటకు దగ్గర దగ్గర ఒక ట్యాంకరు!" అని మా బావ మురిసిపోయాడు. అయ్యా, ఎన్నికల మ్యానిఫెస్టోలు చాలా చూసినవాళ్లం, మాకు అనుమానం రావాల్సింది. ఆ అంకె ఎట్లా పుట్టిందో వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పైపు పైకి ఎక్కకుండా, నీళ్లు ఉన్న ఎత్తులోనే పోస్తే, కరెంటు 13.6 వోల్టులు నిండుగా అందితే, అప్పుడు 1100. ఇంజను ఆపి ఉన్న బోటులో బ్యాటరీ పన్నెండు పైన కొంచెం ఉంటుంది. నీళ్లు బోటు అంచుదాకా మూడు నాలుగడుగులు ఎక్కాలి. పైపు రెండు చోట్ల వంగాలి. ఇవన్నీ అయ్యాక బయటపడేది సగం, అదృష్టం బాగుంటే సగం కంటే కొంచెం ఎక్కువ.

ఇది మాకు తెలియని సంగతా? బోరు ఎన్ని ఫీట్లయితే ఎన్ని స్టేజీల పంపు దించాలో మా దగ్గర పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ఎత్తు పెరిగితే డిశ్చార్జి తగ్గుతుందని చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. కానీ తమరు అరచేతిలో ఇమిడిపోతారు కదా, తమరి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా ఒడ్డునే చెప్పులతోపాటు విడిచేస్తారు. ఐదు హెచ్‌పీ మోటారైతే పక్క ఊరి మెకానిక్‌ను కూడా పిలిచి సలహా అడుగుతారు. తమరిని మాత్రం, ఏముంది, రెండు వైర్లే కదా అంటారు.

పైపు కూడా అంతే. లోపలంతా ముడతలున్న పైపు చవకగా వస్తుంది, వంచితే వంగుతుంది. ఆ ముడతల్లో నీళ్లు తట్టుకుంటూ తట్టుకుంటూ పోతాయి. లోపల నున్నగా ఉండే పైపు, తమరి మూతి ఎంత ఉంటే అంత సైజుది వేస్తే, తమరు చెప్పిన అబద్ధంలో కొంతైనా నిజమవుతుంది.

ఇంకో మాట. బోరులో ఇంచు నీళ్లు పడితే మాకు పండగ. బోటుకు ఇంచు రంధ్రం పడితే? నీటి మట్టానికి ఒక అడుగు కింద ఇంచు వెడల్పు రంధ్రం పడితే లోపలికి నిమిషానికి నలభై అయిదు లీటర్లకు తక్కువ రావు. పెట్టె మీది అంకెలో సగమే బయటపడితే తమరు తోడేది నిమిషానికి ముప్పై అయిదు లీటర్లే. అంటే రాయి తగిలి బోటు పగిలితే తమరు చేయగలిగింది, మేం ఒడ్డుకు చేరేదాకా కొంచెం టైం సంపాదించి పెట్టడమే. మా బావ మాత్రం తమరిని బిగించిన రోజునుంచి లైఫ్ జాకెట్ తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు.

తమరి అసలు డ్యూటీ వాన. బోట్లకు బీమా చేసే అమెరికా కంపెనీలు ఎప్పటినుంచో ఒక మాట చెబుతున్నాయి, బోట్లు నడిచేటప్పటికంటే కట్టేసిన చోటే ఎక్కువ మునుగుతాయని. లెక్క వేస్తే తెలుస్తుంది. పన్నెండడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పున్న బోటు మీద రాత్రికి పది సెంటీమీటర్ల వాన పడితే లోపల చేరేది దగ్గర దగ్గర అయిదొందల లీటర్లు. అర టన్ను బరువు, ఎవ్వరూ ఎక్కకుండానే! ఆ రాత్రి స్విచ్ వేయడానికి బావ దేవరకొండనుంచి రాడు. తమరే లేవాలి. అందుకే ఫ్లోట్ స్విచ్, నీళ్లు పెరిగితే తేలి తనంతట తానే తమరిని లేపేది.

ఇక్కడ మా జిల్లావాళ్లకు ఒక చిక్కుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు సర్కారు ఊరూరా తిరిగి బతిమిలాడింది, ఆటో స్టార్టర్లు తీసేయండి, మోటార్లు వాటంతట అవే నడిస్తే భూమిలో నీళ్లు అయిపోతాయి అని. ఆ మాట మా బావ చెవిలో ఇంకా ఉన్నట్టుంది. "ఆటో వద్దు బావా, నేనే స్విచ్ వేస్తా, మోటరు ఊకె తిరిగితే ఆగమైతది" అన్నాడు. చెలకలో ఆటో పెట్టొద్దంటే పెట్టినవాడు, బోటులో పెట్టమంటే వద్దంటాడు. ఏం చేయమంటారు చెప్పండి.

చివరికి ఆటో పెట్టారు. పెట్టి, ఆ వైరును మెయిన్ స్విచ్ తర్వాత కలిపారు. ఇంటికి పోతూ మంచి అలవాటుగా మెయిన్ ఆఫ్ చేశారు. ఇక తమరికి ఫ్లోట్ ఉండి ఏం లాభం! తమరి ఆటో వైరు మెయిన్‌తో సంబంధం లేకుండా బ్యాటరీనుంచి నేరుగా రావాలి, మధ్యలో ఒక్క ఫ్యూజు మాత్రమే ఉండాలి. ఆ ఫ్యూజు కూడా బ్యాటరీకి జానెడు లోపలే. ఎక్కడో తమరి పక్కన పెడితే, దారిలో వైరు ఒరుసుకుపోయి షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకు ఆ కబురు అందదు, మంటకు అందుతుంది. సైజు ఎంత ఉండాలో తమరి ఒంటి మీదే రాసి ఉంటుంది, అంతే వేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే చేతికి దొరికిన తీగ చుట్టి వచ్చే ఊరు మాది. ఆ చేత్తోనే ఇక్కడా చుడితే, తమరి రెక్కల్లో వల దారమో, గుట్కా పాకెట్టు ముక్కో ఇరుక్కుని తమరు తిరగలేక మూలిగేటప్పుడు కరెంటు ఎక్కువ గుంజుతారు, వైరు పొయ్యిలో పుల్లలా కాలుతుంది, ఫ్యూజు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. పెట్రోలు ఆవిరి పేరుకునే చోట ఈ సర్కస్ ఎంత అందంగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇక వైరు. తమరికి వైరింగ్ చేసిన మహానుభావుడు ఇళ్లకు చేసే మనిషి, చేతి పని మంచిది. కానీ ఆయన లోకం 230 వోల్టులది. ముప్పావు ఎంఎం వైరు తెచ్చి లాగేశాడు. బ్యాటరీ ముందు, తమరు వెనక, పోను రాను కలిపి పది మీటర్లు. నాలుగు ఆంపియర్లు నడిస్తే ఆ వైరులోనే దాదాపు ఒక వోల్టు ఆవిరైపోతుంది. ఇంట్లో 230లో ఒక వోల్టు పోతే బల్బుకు కూడా తెలియదు. పన్నెండులో ఒకటి పోతే తమరి ఊపిరిలో పన్నెండో వంతు పోయినట్టే. అదే రెండున్నర ఎంఎం వైరు వేస్తే పావు వోల్టు పైన కొంచెం పోతుంది, అంతే. లో వోల్టేజీకి మోటార్లు ఎట్లా కాలుతాయో మాకంటే తెలిసినవాడు ఎవడు? ఎండాకాలం నా షాపు ముందు కాలిన మోటార్ల వరస చూస్తే చాలు. ఇన్ని ఫీట్ల బోరుకు ఇన్ని ఎంఎం కేబులు అని నోటికి చెప్పే మనుషులే, తమరికి మాత్రం కాలింగ్ బెల్లు వైరు చాలనుకుంటారు.

మొన్న బావ ఫోన్ చేసి తమరు పలకడం లేదని చెబితే వెళ్లి చూశాను. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.6, తమరి దగ్గర సున్నా. చేత్తో వైరు తడుముకుంటూ పోతే, సరిగ్గా నీళ్లు నిలిచే గుంటలో ఒక లావు నల్లటేపు ముడి. విప్పాను. పై పొర జిగురు జిగురుగా వచ్చింది, రెండో పొర తడిగా, మూడో పొర లోపల రాగి లేదు. రాగి ఉండాల్సిన చోట పచ్చటి చిలుం పొడి, వేళ్లతో నలిపితే రాలిపోయింది. ప్లస్ వైరు నీళ్లలో నానితే రాగిని కరెంటే తినేస్తుంది. సముద్రపు ఉప్పు అక్కర్లేదు, మన కృష్ణమ్మ నీళ్లే చాలు. వైరును గోరుతో గీరుతూ జానెడు పైకి పోయినా లోపల నల్లగానే ఉంది. బావ అడిగాడు: "టేపు ఇంకో రెండు చుట్లు ఎక్కువ చుడితే సరిపోతుండె గదా?"

సరిపోదు. తగరం పూత ఉన్న వైరు కావాలి. జాయింటును క్రింప్ చేసి, అంటే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే తొడుగు) తొడిగి వేడి చేయాలి. ఆ జాయింటు నీళ్లు ఎప్పుడూ అందని ఎత్తులో, క్లిప్పులతో బిగించి ఉండాలి. ఉత్త సోల్డరింగ్ ఇంజను అదురుకు పుటుక్కుమంటుంది. బోరులోకి కేబులు దించేటప్పుడు జాయింటును పసిపిల్లకు పొత్తిళ్లు చుట్టినంత జాగ్రత్తగా చుట్టే చేతులు ఇవి, తమరి దగ్గర బద్ధకిస్తాయి. నాకు మండేది ఇక్కడే.

ఒక్క విషయంలో మాత్రం బోరు తెలివి తమరి దగ్గర పనికిరాదని ఒప్పుకోవాలి. బోరు పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోతే మాకు నిద్ర పట్టదు. తమరి పైపులో కూడా పెట్టాలని బావ పట్టుబట్టాడు, ఆపేశాక పైపులో నీళ్లు మళ్లీ వెనక్కి వస్తున్నాయని. తమరు బలహీనులు, ఆ వాల్వును తోయడానికే సగం ఓపిక అయిపోతుంది. వాల్వులో చెత్త పడితే పూర్తిగా మూసుకుంటుంది. పైగా పైపులో నీళ్లు నిలిచి, తమరి మూతి దగ్గర గాలి చిక్కితే ఉత్తగా తిరుగుతూ ఉంటారు. తిరిగి వచ్చే ఆ చెంబెడు నీళ్లను రానివ్వడమే మేలు. బయట నీళ్లు లోపలికి రాకుండా ఉండాలంటే పైపు మూతిని బాగా ఎత్తులో పెట్టాలి. బావ చుట్టాలు ఎనిమిది మంది వెనకే కూర్చుని సెల్ఫీలు దిగితే బోటు వెనక భాగం కిందికి దిగుతుందని మరిచిపోకుండా లెక్క వేసి పెట్టాలి. లేకపోతే తోడి పోసిన దారిలోనే సాగర్ లోపలికి వస్తుంది.

తమరు పారబోసే నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా మనవి చేస్తాను. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లను ఎత్తి, అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా హైదరాబాద్‌కు తాగునీళ్లుగా పంపుతారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మా ఊళ్లకూ ఈ కృష్ణా నీళ్లే దిక్కు. అందుకని ఇంజను కింద కారిన ఆయిలును తమరి దాకా రానివ్వకుండా, దాన్ని పీల్చే గుడ్డ ఒకటి వేయించాను. బావ దాన్ని తుండుగుడ్డ అనుకుని ఒకసారి మొహం తుడుచుకున్నాడు.

ఇప్పటి ఏర్పాటు ఇది. తమరిని కొంచెం పైమెట్టు మీద కూర్చోబెట్టి, అందరికంటే అడుగున గంటకు 500 గ్యాలన్ల చిన్న పంపును, అంటే తమరి తమ్ముణ్ని, పెట్టాం. రోజువారీ చిల్లర నీళ్లు ఆయనవి, ఆయన వల్ల కానప్పుడే తమరు లేవాలి. ఇద్దరికీ వేరు వైరు, వేరు ఫ్యూజు, వేరు ఫ్లోట్, వేరు పైపు. అన్నదమ్ములకు ఉమ్మడి ఆస్తి పెడితే ఏమవుతుందో మా ఊరి తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడితే తెలుస్తుంది. తమరు లేచినప్పుడల్లా స్టీరింగ్ దగ్గర ఎర్ర బల్బు వెలుగుతుంది, బజరు మోగుతుంది. లేకపోతే తమరు చప్పుడు లేకుండా రోజంతా తోడుతూ ఉంటారు, బోటుకు రంధ్రం ఉన్న సంగతి బ్యాటరీ చచ్చాకగానీ మాకు తెలియదు.

శనివారం వస్తాం. బకెట్లతో నీళ్లు పోసి, స్విచ్ ముట్టకుండా, ఫ్లోట్ లేచేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాం. తమరి జాలీ విప్పి చెత్త కూడా తీస్తాం. దయచేసి లేవగలరు.

ఇట్లు,
తమరి వైర్ల బాధ్యత మోసేవాడు

తా.క.: వానాకాలం అయిపోయాక తమరిని విప్పి ఇంటి సంపులో పెట్టుకుంటే ట్యాంకుకు నీళ్లు ఎక్కుతాయా అని బావ అడుగుతున్నాడు. ట్యాంకు రెండో అంతస్తు మీద ఉంది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తమరే స్వయంగా చెబితే బాగుంటుంది, నేను చెబితే వినడం లేదు.