పేతురుకి కూడా యాస ఉంది

ఇందాకే మా సంఘం వాట్సాప్ గ్రూపులో నోటీసు వచ్చింది. ఆరాధన ఇకనుంచి లైవ్‌లో వెళ్తుందట, కాబట్టి సాక్ష్యం, అంటే దేవుడు తమకి చేసిన మేలు, చెప్పేవాళ్ళు యాస లేకుండా మంచి తెలుగులో చెప్పగలగాలట. కింద వరసగా ఆమెన్, ఆమెన్. దేనికి బాబూ ఆమెన్?

ఈ నోటీసు ఎందుకొచ్చిందో గ్రూపులో అందరికీ తెలుసు. పోయిన వారం జీడిపిక్కల పని చేసే ఒకమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. జీడి సొన తగిలి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. "నాను సచ్చిపోదామనుకున్నాను, ఆయన నన్ను ఒగ్గీనేదు" అంది, ప్రభువు నన్ను విడిచిపెట్టలేదని. ఆ వాక్యానికి మందిరంలో సగం మంది ఏడ్చారు. యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలో మాత్రం ఆమె లేదు, కోసేశారు. ఆమె తర్వాత మాట్లాడిన ఉద్యోగి సాక్ష్యం మొత్తం ఉంది.

మంచి తెలుగు అంటే ఏటి? మన అమ్మలు మనకి ప్రార్థన నేర్పింది ఏ తెలుగులో? సినిమాల్లో పనిమనిషికీ, నవ్వించే పాత్రకీ మన సిక్కోలు (శ్రీకాకుళం) యాస అంటగడితే ఏళ్ళ తరబడి బాధపడ్డాం. ఇప్పుడు మన మందిరంలోనే, మనవాళ్ళే, మన నోరు లైవ్‌కి పనికిరాదంటున్నారు. ఇది మాత్రం ఊరుకునేది కాదు.

మత్తయి 26:73 తీయండి. యేసుని ఎరగనని ఆయన శిష్యుడు పేతురు ఒట్టు పెట్టుకుంటుంటే దగ్గర నిలబడ్డవాళ్ళు ఏమన్నారు? నీ పలుకే నిన్ను పట్టిస్తోంది అన్నారు. గలిలయ యాస. యెరూషలేము వాళ్ళకి అది పల్లెటూరి మాట. ఆ నోటితోనే ముమ్మారు బొంకాడు. ఏడు వారాలు దాటగానే పెంతెకొస్తు పండగ దినాన దేవుడు ఆ నోటినే నిలబెట్టాడు. వీళ్ళంతా గలిలయ వాళ్ళు కారా అని జనం విస్తుపోయారు, ఆ రోజే ఇంచుమించు 3000 మంది చేరారు. యాస దిద్దుకుని రమ్మని పేతురుని ఎవరూ వెనక్కి పంపలేదు. అపొస్తలుల కార్యములు 4:13లో పెద్దల సభ పేతురునీ యోహానునీ విద్యలేని పామరులని గ్రహించింది. వాళ్ళ ధైర్యానికి ఆశ్చర్యపోయింది కూడా.

మోషే సంగతి చూడండి. నోటి మాంద్యం గలవాణ్ణి, నన్ను పంపొద్దు అన్నాడు. మనిషికి నోరిచ్చింది ఎవరని దేవుడు అడిగాడు. ఇంకా వేడుకుంటే, బాగా మాట్లాడే అహరోనుని తోడిచ్చాడు. తర్వాత మోషే కొండమీద ఉండగా బంగారు దూడ పోతపోసింది ఎవరు? ఆ బాగా మాట్లాడేవాడే. పౌలు గురించి కొరింథు వాళ్ళు ఏమనేవారు? ఉత్తరాలు ఘనమైనవి గానీ మనిషి బలహీనుడు, ప్రసంగం కొరగానిది అనేవారు. అలెక్సంద్రియ నుంచి వచ్చిన గొప్ప వక్త అపొల్లోకి దేవుని మార్గం ఇంకా పూర్తిగా వివరించింది డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల. లైవ్ అయితే వాళ్ళని ఎక్కనిస్తామా?

అసలు చెడేది యాస వల్ల కాదు, మనం చేసే ఏర్పాటు వల్ల. కార్డ్‌లెస్ మైకు చేతికిస్తే అలవాటు లేనివాళ్ళు దాన్ని గుండెల దగ్గర పట్టుకుంటారు. మాట వినబడదు, సౌండ్ అబ్బాయి వాల్యూమ్ పెంచుతాడు, స్పీకరు కూత పెడుతుంది, ఆమె బెదిరిపోయి ఆగిపోతుంది. "ఆమెకి మాట్లాడ్డం రాదు" అంటాం. స్టాండు మైకు పెట్టండి. గడ్డం ఎత్తుకి, నోటికి బెత్తెడు దూరంలో, ఆమె లేవకముందే సరిచేసి ఉంచండి. మాట్లాడుతుంటే కింద కీబోర్డు వాయించొద్దు, లైవ్‌లో మాటల చివరలు అందులో మునిగిపోతాయి. చదువు రానివాళ్ళకి కాగితం రాసిచ్చి బట్టీ పట్టించొద్దు. ఒక్క మాట తప్పితే మొత్తం మర్చిపోయి కన్నీళ్ళు పెట్టుకుంటారు. ముందురోజు కూర్చోబెట్టి మూడే అడగండి: ముందు ఎలా ఉన్నావమ్మా, ప్రభువు ఏం చేశాడు, ఇప్పుడెలా ఉన్నావు. అగ్రిప్ప రాజు ముందు పౌలు చెప్పిందీ ఆ వరసలోనే. వచనం కావాలంటే పక్కనున్నవాళ్ళు చదువుతారు. సమయం మించితే ఒక పెద్దమ్మ వెళ్ళి పక్కన నిలబడితే చాలు, మైకు లాక్కోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె తెలుగుని మళ్ళీ మీ తెలుగులో చెప్పే పని యాంకరు మానుకోవాలి.

ఈ మాట వచ్చింది కాబట్టి ఆ సోఫాల సంగతీ చెప్పాలి. ఉజ్జీవ సభలంటే చాలు, ముందు వరసలో సోఫాలు, తెల్ల గుడ్డలు, కాంట్రాక్టరు గారికీ నాయకుడు గారికీ శాలువాలు. పొద్దున్న నాలుగింటికి లేచి అన్నం వండినమ్మలు గిన్నెల దగ్గర. యాకోబు 2వ అధ్యాయం మన బైబిలులో లేదా? బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మురికి బట్టల వాణ్ణి అక్కడ నిలబడు అనడం. అది పాపమని సూటిగా రాశాడు. ఆ సోఫాల అద్దె ఎక్కడిది? ఆ అమ్మల పిడికెడు బియ్యం కానుకది.

మన ప్రాంతపు సువార్త చరిత్రయినా గుర్తుండాలి కదా. కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో కాకినాడ వచ్చిందంటే, అంతకుముందే అక్కడ సంఘం కట్టి కబురు పెట్టిన థామస్ గాబ్రియేలు వల్ల. టెలిగ్రాఫ్ ఆఫీసు ఉద్యోగి ఆయన. ఆ తర్వాతే బొబ్బిలి, సిక్కోలు, విజయనగరం. ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు వంటింట్లో కూర్చుని ఏ భాషలో చెప్పారు? విన్నవాళ్ళ భాషలోనే.

యెరూషలేము సంఘంలో కూడా భాషతోనే తగువొచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళని రోజూ పంచే భోజనంలో చిన్నచూపు చూశారని సణుగుడు (అపొ. కా. 6). అపొస్తలులు భాష నేర్చుకోమని నోటీసు పెట్టలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు, ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. చిన్నచూపుకి గురైన వాళ్ళ వైపు మనుషులకే పంపకం అప్పగించారు. అడిగిన అర్హతలు మంచి పేరు, ఆత్మ, జ్ఞానం. చదువు అడగలేదు.

మన కమిటీ ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ప్రతిసారీ టీచర్లు, బ్యాంకు వాళ్ళు, మళ్ళీ టీచర్లు. ఈసారి నామినేషన్ కాగితంలో విద్యార్హత గడి తీసేయండి, వేలిముద్ర వేసినా తీసుకోండి. జీడి పనికెళ్ళే అమ్మల్లో ఇద్దరి పేర్లు నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు ఇక్కడే కామెంట్లో చెప్పండి. పాస్టరు అయ్యగారు కూడా చూస్తారు.