నెలనెలా గ్లాండ్స్ పిండిస్తున్నారా? ముందు కుక్క గిన్నెలోకి చూడండి

కుక్క వెనక కాళ్లు ముందుకు చాచి, పిర్రలు నేలకు రాసుకుంటూ హాలంతా ఈడ్చుకుపోతుంటే మొదట నవ్వొస్తుంది. మర్నాడు దుప్పటి మీద కుళ్లిన చేపల వాసన కొట్టే గోధుమరంగు మరక కనపడితే నవ్వు పోతుంది. గ్రూమింగ్ సెంటర్‌కు తీసుకెళితే యానల్ గ్లాండ్స్, అంటే మలద్వారం పక్కన వాసన ద్రవం ఉండే రెండు చిన్న తిత్తులు, పిండేస్తారు. కొన్నాళ్లు హాయి. మూడు నాలుగు వారాలకు మళ్లీ అదే ఈడ్పు, మళ్లీ పిండుడు. పిండితే తిత్తి ఖాళీ అవుతుంది, అంతే. అది తనంతట తాను ఎందుకు ఖాళీ కావడం లేదో ఎవరూ అడగడం లేదు. చాలా కుక్కల్లో జవాబు అవి తినే తిండిలోనో, చర్మపు అలర్జీలోనో దొరుకుతుంది.

మలద్వారాన్ని గడియారం అనుకుంటే 4, 8 అంకెల దగ్గర, రెండు కండరాల వలయాల మధ్య చెరో తిత్తి ఉంటుంది. ఒక్కోదాని నుంచి సన్నటి నాళం మలద్వారం అంచు దాకా వస్తుంది. గట్టిగా కట్టిన మలం బయటికి వచ్చేటప్పుడు ఆ ఒత్తిడికి తిత్తిలోని ద్రవం కాస్త కాస్తగా కారిపోవాలి. మలం మెత్తగా జారిపోతే ఆ నొక్కుడే ఉండదు. లోపల మిగిలిన ద్రవం చిక్కబడి టూత్‌పేస్టులా తయారవుతుంది, ఇక సన్నటి నాళంలోంచి దిగదు. దానికి ఇన్‌ఫెక్షన్ తోడైతే చీము పడుతుంది, గడ్డ లేస్తుంది, చివరికి చర్మం పగిలి మలద్వారం పక్కన పుండు తేలుతుంది. షిట్జూ, చివావా, పూడుల్, కాకర్ స్పానియెల్ లాంటి జాతుల్లోనూ, ఒళ్లు చేసిన కుక్కల్లోనూ ఈ బాధ ఎక్కువ.

ఏ ఇబ్బందీ లేని కుక్కకు కూడా స్నానంతో పాటు గ్లాండ్స్ పిండేయడం మానాలి. బయటి నుంచి గట్టిగా నొక్కితే ఆ సున్నితమైన చోట వాపు వస్తుంది, అదే కొత్త సమస్యకు దారి తీస్తుంది. నిజంగా అవసరమైతే పశువైద్యులు గ్లవ్ తొడిగి, జెల్లీ రాసి, చూపుడువేలు లోపల, బొటనవేలు బయట ఉంచి ఒక్కో తిత్తినీ విడిగా ఖాళీ చేస్తారు. ఏం వచ్చిందో అడిగి రాసుకోండి. పలచగా, గోధుమరంగులో ఉంటే మామూలే. ముద్దలా వస్తే అడ్డుపడినట్టు. చీము, నెత్తురు కనిపిస్తే ఇన్‌ఫెక్షన్.

ఇక గిన్నె సంగతి. మన ఇళ్లలో కుక్కకు పెట్టేది చాలావరకు పెరుగన్నం, పాలూ బ్రెడ్డూ, మిగిలిన చికెన్ ముక్కలు, మధ్యమధ్య బిస్కెట్లు. పాలిష్ పట్టిన తెల్లన్నంలో పీచు నామమాత్రం. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, మలం పలచబడుతుంది. అందుకే ముందు పాలు ఆపండి. తర్వాత పీచు పెంచండి. తియ్యగుమ్మడి చెక్కు తీసి, ఉప్పూ నూనే లేకుండా ఉడికించి మెదిపితే 10 కిలోల కుక్కకు పూటకు ఒక టేబుల్‌స్పూన్ చాలు. దానికి బదులు ఇసబ్‌గోల్ అయితే రోజుకు పావు టీస్పూన్‌తో మొదలుపెట్టి అర టీస్పూన్ దాకా వెళ్లొచ్చు. పొడిగా చల్లకూడదు, నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి తిండిలో కలపాలి. నీళ్లు చాలకపోతే ఇదే ఇసబ్‌గోల్ మలబద్ధకం తెస్తుంది.

పీచు ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? గ్యాస్ పెరుగుతుంది, మలం కుప్పలుగా, మెత్తగా వస్తుంది. అప్పుడు సగానికి తగ్గించండి. మనకు కావలసింది కాగితంతో ఎత్తితే ఆకారం చెడకుండా లేచి, నేల మీద మరక మిగల్చని మలం. ఒకసారి ఒక్క మార్పే చేసి రెండు వారాలు చూడండి. డ్రై ఫుడ్‌కు మారుతుంటే పాతదానిలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోండి. ఒక్కరోజులో మార్చేస్తే విరేచనాలు పట్టుకుంటాయి, మంచి తిండికి చెడ్డపేరు వస్తుంది. బిస్కెట్లూ చిరుతిళ్లూ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు.

పీచుతో ప్రతి కుక్కకూ నయమవుతుందని అనుకోవద్దు. పాదాలు నాకడం, చెవులు పదేపదే చీము పట్టడం కూడా ఉంటే అలర్జీని అనుమానించాలి. అప్పుడు కనీసం 8 వారాలు కుక్క ఎప్పుడూ తినని ఒకే మాంసంతో పథ్యం పెట్టి చూడాలి. రోజూ చికెన్ తిన్న కుక్కకు చేపో, మేకమాంసమో. ఈ పరీక్ష చాలా ఇళ్లలో వంటింటి గుమ్మం దగ్గరే చెడుతుంది. పెద్దవాళ్లు ముద్దుగా విసిరిన ఒక్క బిస్కెట్, చికెన్ ఫ్లేవర్ ఉన్న ఒక్క మాత్ర చాలు, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. తగ్గిందనిపిస్తే పాత తిండి మళ్లీ పెట్టి రెండు వారాలు గమనించాలి. బాధ తిరిగొస్తేనే అలర్జీ తిండిదని తేలినట్టు.

ఈడ్చుకోవడమంతా గ్లాండ్స్ వల్లే కాదు. తోక కింద బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు అంటుకుని ఉంటే అవి బద్దెపురుగులు. వాటికి ప్రాజిక్వాంటెల్ మందు, కుక్క బరువును బట్టి. వాటిని మోసుకొచ్చే ఫ్లీలను (బొచ్చులో గెంతే చిన్న పురుగులు) కూడా వదిలించాలి, లేకపోతే పురుగులు మళ్లీ వస్తాయి.

మలద్వారం పక్కన ఎర్రగా ఉబ్బితే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పది నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు కాపడం పెట్టి, అదే రోజు డాక్టరుకు చూపించండి. డెట్టాల్ పోయొద్దు, గడ్డను నొక్కొద్దు, మనుషుల నొప్పిమాత్రలు వేయొద్దు. ఐబుప్రోఫెన్ కుక్క కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. ఎన్ని చేసినా తిరగబెట్టేవాటికి తిత్తులు తీసేసే ఆపరేషన్ ఉంది. అయితే నరం దెబ్బతింటే మలం ఆపుకోలేకపోయే ప్రమాదం ఉంది కాబట్టి అనుభవమున్న సర్జన్ చేతిలోనే, వాపు తగ్గాకే చేయించాలి.

వయసు మళ్లిన కుక్కలో మలద్వారానికి ఒకవైపే గట్టి గడ్డ తగిలి, ఆ కుక్క నీళ్లు విపరీతంగా తాగుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తుంటే గుమ్మడితో కాలం గడపొద్దు. ఈ తిత్తుల క్యాన్సర్‌లో రక్తంలో కాల్షియం పెరిగి సరిగ్గా ఇలాగే జరుగుతుంది. వేలితో చేసే పరీక్షలో గడ్డ చిన్నదిగా ఉండగానే దొరకవచ్చు. కాబట్టి టీకాకు వెళ్లినప్పుడు ఆ పరీక్ష కూడా చేయమని డాక్టరును అడగండి.