కార్పొరేటర్ అభ్యర్థిని ముందుగా అడగాల్సింది నాలా గురించి

హైదరాబాద్‌లో కార్పొరేటర్‌గా నిలబడే అభ్యర్థి ఇంటింటికీ పంచే కరపత్రం, పార్టీ ఏదైనా, దాదాపు ఒకేలా ఉంటుంది. రోజూ మంచినీళ్లు, కొత్త డ్రైనేజీ లైను, గల్లీ గల్లీకీ సీసీ రోడ్డు, వీధి దీపాలు, ఆస్తి పన్ను తగ్గింపు, అర్హులందరికీ పింఛన్లు. ఇందులో సగం కార్పొరేటర్ చేతిలో లేనివే. మంచినీళ్లు, మురుగు లైన్లు 1989 చట్టంతో ఏర్పడిన జలమండలివి. ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థవి. పన్ను రాయితీ సంగతి చూడండి. 2020 ఎన్నికలకు ముందు, ఏడాదికి రూ.15 వేల లోపు ఆస్తి పన్ను కట్టేవారికి సగం తగ్గిస్తామని చెప్పింది రాష్ట్ర ప్రభుత్వమే. 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలుపెట్టిందీ రాష్ట్ర ప్రభుత్వమే. కార్పొరేటర్లు కౌన్సిల్‌లో చేయెత్తి తెచ్చుకున్నవి కావు ఇవి.

అలాగని కార్పొరేటర్ పదవిని తేలిగ్గా తీసుకోకూడదు. వార్డులో ఏ పనికి ఎస్టిమేట్ వేయాలన్న మాట చాలాసార్లు కార్పొరేటర్ లేఖతోనే మొదలవుతుంది. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలిచి అంచనా వేస్తాడు, అది పైకి వెళ్లి మంజూరవుతుంది, తర్వాత టెండరు. అంటే ఏ పని ముందు, ఏది వెనక అన్న వరుస చాలావరకు ఆ లేఖ రాసేవారి చేతిలో ఉంటుంది. సర్వసభ్య సమావేశంలో అధికారులను ప్రశ్నించే హక్కుంది, బడ్జెట్‌పై ఓటుంది. ఏటా కార్పొరేటర్లే తమలోంచి 15 మందిని స్టాండింగ్ కమిటీకి ఎన్నుకుంటారు. అందుకే అభ్యర్థి ప్రాధాన్యాలు ఏమిటన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ ప్రాధాన్యాల్లో వాన నీరు అన్నిటికంటే ముందుండాలన్నది నా గట్టి అభిప్రాయం.

2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగింది. వాన నీటిని మోసుకెళ్లే పెద్ద కాలువలైన నాలాల విస్తరణపై కిర్లోస్కర్ కమిటీ 2003లో నివేదిక ఇచ్చింది. 2020 అక్టోబరులో మళ్లీ మునిగాం. ఆ మధ్య కాలమంతా ప్రతి వార్డులోనూ రోడ్లు పడుతూనే ఉన్నాయి.

ఒక లెక్క చూద్దాం. పది హెక్టార్ల కాలనీ, అంటే పాతిక ఎకరాలు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 5,000 ఘనపు మీటర్ల నీరు. కాలనీ అంతా సిమెంటే కాబట్టి అందులో 4,000 దాకా రోడ్డు మీదికి వస్తుంది. అంటే సెకనుకు సుమారు 1,100 లీటర్లు. కొత్తగా వేయిస్తామని అభ్యర్థులు చెప్పే రెండడుగుల పైపు, 200 మీటర్లకు ఒక మీటరు వాలు ఉండి, లోపల పూడిక లేకుండా ఉంటే సెకనుకు 430 లీటర్లు తీసుకెళుతుంది. సగం కూడా కాదు. మిగిలిన నీరు పల్లంలో ఉన్న ఇళ్లలోకే వెళుతుంది. కాబట్టి "డ్రైనేజీ వేయిస్తా" అనే అభ్యర్థిని పైపు సైజు ఎంత, వాలు ఎంత, అది చివరికి ఎక్కడ కలుస్తుంది అని అడగాలి. పైపు అడుగు మట్టం కంటే నాలాలో నీటి మట్టం ఎక్కువగా ఉంటే నీరు వెనక్కి తంతుంది. కాలనీలో లక్షలు పెట్టి వేసిన లైను అలాంటి రోజున ఎదురు పారుతుంది. వాన నీటి లైను, మురుగు లైను వేర్వేరు. రోడ్డు మీద నీరు నిలిచిందని మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తే వాన నీటితో పాటు చెత్త, ఇసుక మురుగు లైనులోకి దిగుతాయి. ఆ లైను నిండి పొంగేది కింది వీధిలో. తెరిచిన మూత ప్రాణాలు తీస్తుంది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో ఓ చిన్నారి తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఆ తరహా మరణాన్ని విధి అని సరిపెట్టుకునే హక్కు ఏ కార్పొరేటర్‌కూ లేదు.

కొత్త లైను కంటే ముందు ఉన్న నాలాలో పూడిక తీయాలి. ఏటా తీస్తారు, బిల్లులూ అవుతాయి. తేడా వచ్చేది కొలతల దగ్గర. రెండు మీటర్ల వెడల్పు, అర కిలోమీటరు పొడవున్న నాలాలో అడుగు మందం పూడిక ఉంటే అది 300 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌కు 50 ట్రిప్పులు. పదిహేను ట్రిప్పులే వెళ్తే మిగతా మట్టి నాలాలోనే ఉంది, లేదా గట్టు మీద ఉంది. గట్టు మీద పోసిన పూడిక మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది. తడి పూడిక కాబట్టి ఒకట్రెండు రోజులు ఆరనివ్వడం సహజమే, వారం దాటితే మాత్రం అడగాలి. పని మొదలయ్యే ముందు ఐదారు చోట్ల కర్ర దించి లోతు రాసుకోవాలి, పని అయ్యాక అవే చోట్ల మళ్లీ కొలవాలి. కల్వర్టుల కింద తప్పకుండా చూడాలి. జేసీబీ చేయి అక్కడికి వెళ్లదు, పూడిక ఎక్కువగా మిగిలేది అక్కడే.

ఇక సీసీ రోడ్డు. ఓట్లు తెచ్చేది ఇదే, ముంపు తెచ్చేదీ చాలాసార్లు ఇదే. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోస్తే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేస్తుంది. రెండుసార్లు అలా వేస్తే రోడ్డు అడుగుకు పైగా లేచి, ఇంటి గడప కిందికి పోతుంది. తర్వాత ఆ ఇంటివారు జీవితాంతం గుమ్మానికి అడ్డంగా ఇటుక గోడ కట్టుకుని బతకాలి. వరుస ఏమిటంటే: ముందు మురుగు లైను, తర్వాత నీటి పైపు, ఇళ్ల కనెక్షన్లు, కేబుళ్లకు గొట్టాలు, అన్నీ అయ్యాకే రోడ్డు. జలమండలి లైను మంజూరై ఉందో లేదో కనుక్కోకుండా రోడ్డు వేయిస్తే ఆరు నెలల్లో తవ్వేస్తారు, పైన వేసే అతుకు కుంగుతుంది. కాంక్రీటు పోశాక మడులు కట్టి కనీసం రెండు వారాలు నీళ్లు నిలపాలి. గట్టిపడుతుండగానే నాలుగైదు మీటర్లకోసారి జాయింట్ కోయాలి. కోయకపోతే కాంక్రీటు తనకు నచ్చిన చోట పగులుతుంది. పెద్ద రోడ్ల విషయంలో మాత్రం ఎవరిది బాధ్యతో ముందే తెలుసుకోవాలి. 2019 చివర్లో 709 కిలోమీటర్ల ప్రధాన రహదారుల నిర్వహణను ఐదేళ్లకు ఏజెన్సీలకు అప్పగించారు, వాటి గుంతలకు వార్డు ఏఈని నిలదీసి లాభం లేకపోయింది.

వీధి దీపాల హామీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లైన్లో ఒక్క దీపమే పోతే అది దీపం సమస్య, వరుసగా అన్నీ పోతే, వాటిని వేళకు వెలిగించి ఆర్పే కంట్రోల్ బాక్సు సమస్య. మధ్యాహ్నం దీపాలు వెలుగుతున్నాయంటే ఆ బాక్సు పాడై ఉండాలి, లేదా దాన్ని ఎవరో తప్పించి వైరు నేరుగా కలిపి ఉండాలి.

2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణాలను కలిపి వార్డులను 150 నుంచి 300 చేశారు. వార్డు చిన్నదయితే కార్పొరేటర్ అందుబాటులో ఉంటారన్నది నిజమే. నాలా మాత్రం వార్డు గీతను పట్టించుకోదు. పై వార్డులో వెడల్పు చేసి కింది వార్డులో ఇరుకుగా వదిలేస్తే ముంపు చోటు మారుతుందంతే. అందుకని పని ఎప్పుడూ కింది చివర నుంచి పైకి రావాలి. ఎగువ వార్డు అభ్యర్థి తన ఓటర్లకు ఇది చెప్పగలగాలి: మన డబ్బులో కొంత ముందు పక్క వార్డు కల్వర్టుకు పెట్టాలి, అప్పటిదాకా మన గల్లీ రోడ్డు ఆగుతుంది. 2020లో నూటికి 46 మందే ఓటేసిన నగరంలో ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. చెప్పిన అభ్యర్థి కనిపిస్తే, ఆ కల్వర్టు కొలతలు, ఎస్టిమేట్, పూడికతీత ట్రిప్పుల లెక్క ఏటా మే నెలాఖరుకు వార్డు కార్యాలయం గోడ మీద అతికిస్తానని కాగితం మీద రాయించుకోండి.