లక్ష్మీ సమానురాలైన ఎమ్మీ అమ్మగారికి

రెక్కలు విప్పుకుని, చేతిలో అణువును ఎత్తిపట్టుకున్న, అమెరికా టీవీ అవార్డుల బంగారు తల్లికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

'బెటర్ కాల్ సాల్' అనే టీవీ సీరియల్ విషయంలో తమరు చూపిన నిలకడకు ముందుగా అభినందనలు. ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్లు, 53 నామినేషన్లు, అవార్డులు సున్నా. అన్నిసార్లు బంతిలో కూర్చోబెట్టి ఒక్కసారీ విస్తరి వేయకపోవడం మాటలా! పొరపాటున కూడా ఒకటి చేయి జారలేదు. అదే సృష్టికర్త విన్స్ గిలిగన్, కథ జరిగేదీ అదే ఆల్బుకర్కీ ఊరు, ముందు పుట్టిన 'బ్రేకింగ్ బ్యాడ్'కి మాత్రం 16 ఇచ్చారు. పెద్దవాడికే అంతా రాసిచ్చేసినట్టున్నారు.

ఉత్తమ నటుడి పోటీకి సాల్ వేషం కట్టిన బాబ్ ఓడెన్‌కర్క్‌ను ఆరుసార్లు పిలిచి, ఆరుసార్లూ పక్కవాడికి చప్పట్లు కొట్టించారు. కిమ్ వెక్స్‌లర్‌గా రియా సీహార్న్ చేస్తున్నది నటనేనని తమకు 2022లో, కథ ముగిసే వేళకు తట్టి, అప్పుడు నామినేట్ చేశారు.

నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది 2019. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి సీజన్ చూసి, మళ్లీ తీయండి బాబోయ్ అని అభిమానులే లక్షల్లో సంతకాలు పెట్టారు. తమరు ఉత్తమ డ్రామా దానికే ఇచ్చారు. అమెరికా టీవీ విమర్శకుల సంఘం మాత్రం సాల్‌కి ఇచ్చింది. పాపం, టీవీ విమర్శకుల వేడుక టీవీలో రాదు! 2023 జనవరిలో క్రిటిక్స్ చాయిస్ అవార్డులిచ్చే విమర్శకులు కూడా ఉత్తమ డ్రామాగా దాన్నే ఎంచి, ఓడెన్‌కర్క్‌కీ ఒకటి ఇచ్చారు. వాళ్లకేం, చూడటమే ఉద్యోగం. తమ అకాడమీలో ఉన్న 20 వేల పైచిలుకు మందీ టీవీ తయారుచేసేవాళ్లాయె, చూసే తీరికెక్కడిది? అందులోనూ సాల్ కథలోని మైక్ నోరు మెదపకుండా కారును ముక్కముక్కలుగా విప్పుకుంటూ కూర్చుంటే ఎవరు ఓపిక పడతారు లెండి.

చివరి సీజన్‌కైతే క్యాలెండర్ కూడా తమకే సాయం చేసింది. తమ లెక్కలు మే 31తో ముగుస్తాయి కనుక సగం ఒక ఏడాదికి, సగం మరో ఏడాదికి పోయింది. 2022 ఆగస్టులో అయిపోయిన కథకు, హాలీవుడ్ సమ్మెల పుణ్యమా అని, 2024 జనవరిలో తీర్పు చెప్పారు. ఆ విడత ఏడింటికి ఏడూ పోయాయి. ('ద వైర్' అనే మరో సీరియల్‌కి అయిదు సీజన్లలో రెండే నామినేషన్లు. దాన్ని అసలు బంతి దాకా రానిస్తేగా!)

అత్యధిక నామినేషన్లు పొంది ఒక్కటీ గెలవని రికార్డు ఇప్పుడు సాల్‌దే. ఆ ఘనతకు ప్రత్యేకంగా ఒక విభాగం పెడదామని మాత్రం అనుకోకండి. అందులోనూ నామినేట్ చేసి ఇంకెవరికో ఇచ్చేస్తారు.

ఇట్లు,
తమ నిష్పక్షపాతానికి నివ్వెరపోయిన
ఒక ప్రేక్షకుడు